కాకుల్ని తోలడమూ ఉద్యోగమే!

బడి వయసు దాటిపోయిన మేధో వైకల్యం ఉన్న మనిషికి మన ఊళ్లో ఏముంది? ఓ పింఛను, ఓ అరుగు. అంతేనా? పెద్దకడుబూరు పొలాల్లోకి వెళ్లి ఆలోచిస్తే ఇంకా చాలా కనిపిస్తుంది.

ఆదోని నుంచి గానీ ఎమ్మిగనూరు నుంచి గానీ పెద్దకడుబూరు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన నల్లరేగడి నేలలు. పత్తి, మిరప, ఉల్లి, అక్కడక్కడా జొన్న. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో చేలో మంచె కట్టి, దాని మీద ఒకర్ని కూర్చోబెట్టేవాళ్లు. చేతిలో వడిసెల, లేకపోతే ఓ పాత డబ్బా, ఓ కట్టె. పిట్టలు దిగితే డబ్బా మోగాలి. పొద్దు గూకేదాకా అదే పని.

ఆ పనికి ఎవర్ని పంపేవాళ్లు? ఇంట్లో ముసలాయన్ని, బడికి పోని పిల్లల్ని, లేదంటే ‘వాడికి వేరే పని రాదులే’ అని ఊరంతా తేల్చేసిన ఒక మనిషిని.

ఆ మనిషి మీకూ తెలుసు. మీ ఊళ్లోనూ ఉంటాడు. వయసు ముప్పై దాటుంటుంది. మాట ముద్దముద్దగా వస్తుంది. లెక్కలు రావు. కానీ ఎవరి ఎద్దు ఏదో చెప్పేస్తాడు, బస్సు హారన్ విని డ్రైవరెవరో చెప్పేస్తాడు. ఊరు పెట్టిన పేరు ‘తిక్కోడు’. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా ఉండదు. అదే ఆడపిల్లయితే ఆ పేరు కూడా వినిపించదు. గడప దాటనిస్తే కదా!

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం... ఇవన్నీ పుట్టుకతోనో, చిన్నతనంలోనో మొదలై జీవితాంతం ఉండేవి. ‘బుద్ధిమాంద్యం’ అనే పాత మాటను పక్కనపెట్టి, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘మేధో వైకల్యం’ అనే మాట వాడుతోంది. 2011 జనాభా లెక్కల్లోనే దేశం మొత్తం మీద ఇలాంటివాళ్లు సుమారు 15 లక్షల మంది తేలారు. వీళ్లంతా చిన్నపిల్లలు కాదు. పెరిగారు, పెద్దయ్యారు. మనమే వాళ్లని ఇంకా పిల్లల్లాగే చూస్తున్నాం.

పద్దెనిమిదో పుట్టినరోజు తర్వాత...

చిన్నప్పుడు కాస్త నయం. సమగ్ర శిక్షా కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ చదువు, ఫిజియోథెరపీ అందుతాయి. చట్టం కూడా 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కని చెప్పింది. ఆ తర్వాత? తోటివాళ్లు కాలేజీకో, పనికో, పెళ్లికో వెళ్లిపోతారు. వీళ్లు మాత్రం ఇంటికొస్తారు. వచ్చి, అక్కడే ఉండిపోతారు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో దీనికి తోడు ఇంకో కష్టం ఉంది. అదే సుగ్గి. వానలు మొహం చాటేసిన ఏడు పెద్దకడుబూరు, కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరు వైపూ తెలంగాణకూ వలసపోతాయి. ఇంట్లో ముప్పై ఏళ్ల కొడుకున్నాడు, ఒంటరిగా ఉండలేడు. వెంట తీసుకుపోతే కొత్త చోటు, కొత్త మనుషులు. వాడికి దిక్కు తోచదు. వదిలేసి పోతే ముసలవ్వ చూడాలి. అవ్వకే చూపు ఆనదు.

అందుకే ఈ తల్లులు ఎక్కడ కలిసినా చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. “నేను పోయినాక వీణ్ని ఎవరు చూస్తారు?”

ఈ ప్రశ్నకు హాస్టల్ ఒక్కటే జవాబు కాదు. పింఛను ఒక్కటే కూడా కాదు. తనకంటూ ఒక పని, నలుగురు స్నేహితులు, రోజూ వెళ్లాల్సిన ఒక చోటు ఉన్న మనిషిని ఊరు అంత తేలిగ్గా మర్చిపోదు. ఆ చోటును కట్టడమే అసలు పని. పొలంతో, పాటతో, దారంతో దాన్ని కట్టొచ్చు. కట్టినవాళ్లూ ఉన్నారు.

పక్క జిల్లాలో ఒక దారి

దూరం పోనక్కర్లేదు. అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, మనవాళ్ల నోట ఆర్డీటీ, ఊరూరా వికలాంగుల సంఘాలు పెట్టించింది. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడిపింది. వైకల్యం ఉన్న మహిళలు చేతివృత్తుల వస్తువులు తయారుచేసే వర్క్‌షాపులు పెట్టింది. స్పెషల్ ఒలింపిక్స్ ఆటలకు శిక్షణ ఇప్పించింది.

ఇందులో గమనించాల్సింది సంఘం. నెలకోసారి ఊళ్లో అందరూ కలిసి కూర్చుంటే, ‘మా ఇంట్లోనే ఇలాంటి బిడ్డ ఎందుకు పుట్టాడు’ అని తలుపేసుకుని ఏడ్చే తల్లికి పక్క వీధిలో ఇంకో తల్లి దొరుకుతుంది. సిగ్గు సగం అక్కడే పోతుంది. ఏ కార్యక్రమానికైనా మొదటి పునాది ఇదే.

అయితే పెద్దయినవాళ్లు, అదీ పొలం పని చేసి బతకగలరా? ఈ అనుమానం మనకే కాదు, జపాన్ వాళ్లకీ వచ్చింది.

కొండ మీద డబ్బా మోత

1958. జపాన్‌లో అషికాగా అనే ఊరు. నోబోరు కవాదా అనే టీచర్ దగ్గర మేధో వైకల్యం ఉన్న పిల్లలున్నారు. తరగతి గదిలో అక్షరాలు ఎక్కడం లేదు. ఆయన వాళ్లని తీసుకుని ఊరి పక్కన కొండెక్కాడు. మామూలు కొండ కాదు, 38 డిగ్రీల వాలు. పిల్లలూ ఆయనా కలిసి చెట్లు నరికి, రాళ్లు ఏరి, ద్రాక్ష తీగలు నాటారు. 1969లో అక్కడే ‘కొకొరోమి గకుఎన్’ అనే ఆశ్రమ కేంద్రం వచ్చింది. 1980లో తల్లిదండ్రులు డబ్బులేసుకుని కోకో ఫామ్ పేరుతో వైనరీ పెట్టారు. 1984లో వైన్ తయారీకి లైసెన్స్ వచ్చింది.

2000లో ఒకినావాలో జీ8 దేశాల శిఖరాగ్ర సమావేశం జరిగింది. ఆ విందులో దేశాధినేతల ముందు పెట్టిన వైన్లలో ఈ కొండ మీది వైన్ కూడా ఉంది. జాలిపడి పెట్టింది కాదు. రుచి చూసే పెట్టారు.

ఆ తోటలో కలుపు మందు వాడరు. కలుపు చేత్తో తీస్తారు, గడ్డి కోస్తారు. పండే కాలంలో ఒక్కో గెలకూ కాగితం టోపీ తొడుగుతారు. వేల గెలలు, ఒక్కొక్కటీ చేత్తోనే. మనకు విసుగొచ్చే పని. రోజూ ఒకేలా ఉండే పనిని ఇష్టపడేవాళ్లకు అదే హాయి.

ఇంకో ఉద్యోగం కూడా ఉంది అక్కడ. పొద్దున్నే కొండెక్కి, డబ్బా కొట్టి కాకుల్ని తోలడం. ఎండైనా చలైనా సాయంత్రం దాకా అదే పని. ఆ మనిషి లేకపోతే పంట కాకుల పాలు. అందుకే ఆయన్ని ‘పాపం’ అని ఎవరూ అనరు. తోటకు కాపలాదారు అంటారు.

ఎక్కడో విన్నట్టుంది కదూ? మన జొన్నచేలో మంచె మీద కూర్చున్నవాడు చేసిందీ ఇదే పని. తేడా ఒక్కటే. అక్కడ దానికి పేరుంది, భోజనం బల్ల దగ్గర కుర్చీ ఉంది. ఇక్కడ ‘పనికిరానోడికి ఏదో ఒక పని’ అయింది.

ఇరవై సెంట్లలో మొదలెడదాం

సరే, కొండలూ వైనూ మనకెందుకు? పెద్దకడుబూరు దగ్గర ఇరవై సెంట్ల నేల దొరికిందనుకుందాం. బోరో, కాలువ నీళ్లో ఉంటే చాలు. వచ్చేవాళ్లు ఎనిమిది మంది. ఏం చేయిస్తాం?

పత్తి వద్దు. దానికి కొట్టే మందులు ప్రమాదం. సీసా మీది హెచ్చరిక చదవలేని మనిషి పక్కన పురుగుమందు ఉండనే కూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు కలిపి పండించే ‘ఏటీఎం’ నమూనాను ప్రచారం చేస్తోంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు కోసి అమ్ముకోవడమే, అందుకే ఆ పేరు. మన ఎనిమిది మందికి సరిగ్గా సరిపోయే పద్ధతి ఇది.

ఎందుకంటే ఇందులో పనులన్నీ చిన్న చిన్నవి, రోజూ వచ్చేవి. జీవామృతమే చూడండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. కలిపిన తర్వాత రోజూ పొద్దునా సాయంత్రం కట్టెతో తిప్పాలి. టైమంటే టైమే అనే ఆటిజం ఉన్న కుర్రాడికి అప్పగించండి. గడియారం తప్పినా అతను తప్పడు.

వానలకు ముందే విత్తే నవధాన్యాల కోసం విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం పట్టించి గుళికలు చేస్తారు. చేతులు నెమ్మదిగా కదిలేవాళ్లకు అది చక్కటి పని. నారు సంచుల్లో మట్టి నింపడం, కొత్తిమీర కట్టలు కట్టడం, ఉల్లిగడ్డలు పెద్దవీ చిన్నవీ ఏరడం, బుడ్డలు ఒలవడం, కోళ్లకు మేత వేయడం... వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి నడుమెత్తు మడి కట్టిస్తే కూర్చునే ఆకుకూర కోస్తుంది.

కిటుకంతా పనిని ముక్కలు చేయడంలో ఉంది. ‘మొక్కలకు నీళ్లు పెట్టు’ అంటే మనకు ఒక పని. నేర్చుకునే మనిషికి అది ఆరు పనులు. డబ్బా తీసుకో, తొట్టి దగ్గరికెళ్లు, గీత దాకా నింపు, ఎర్ర తాడు కట్టిన సాలుకెళ్లు, మొదలు దగ్గర పొయ్యి, డబ్బా మళ్లీ కొక్కేనికి తగిలించు. ప్రత్యేక విద్య నేర్పే టీచర్లు వాడే పద్ధతే ఇది. 1984లో సికింద్రాబాద్‌లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు, అలాంటి టీచర్లను తయారుచేస్తూనే ఉంది.

ఇక్కడ మీ ఫోన్‌కి కూడా పనుంది. ఆరు ముక్కల్నీ ఆరు ఫొటోలు తీసి, ప్రింట్ కొట్టి, లామినేట్ చేయించి తొట్టి దగ్గర వేలాడదీయండి. చదువు రానక్కర్లేదు. బొమ్మ చూసి చేసేస్తారు.

దారం చుట్టిన ఆవిడ

అందరికీ మట్టి నచ్చదు. నచ్చాలని రూలేమీ లేదు. కొందరికి రంగు కావాలి, కొందరికి దారం కావాలి.

అమెరికాలో జుడిత్ స్కాట్ అని ఒకావిడ. 1943లో కవల పిల్లల్లో ఒకరిగా పుట్టింది. డౌన్ సిండ్రోమ్. చెవుడు కూడా ఉందన్న సంగతి చాలా ఏళ్ల దాకా ఎవరూ గుర్తించలేదు. సుమారు 35 ఏళ్లు సంస్థల్లోనే మగ్గిపోయింది. కవల సోదరి జాయిస్ వెళ్లి తనతో తెచ్చుకుంది. 1987లో ఓక్లండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ అనే కళాకేంద్రంలో చేర్చింది. 1974లో మొదలైన ఆ కేంద్రం వైకల్యం ఉన్న పెద్దవాళ్లదే. రంగులిచ్చారు, పెన్సిళ్లిచ్చారు. దాదాపు రెండేళ్లు జుడిత్‌కి ఏదీ పట్టలేదు.

ఓ రోజు దారాలతో కళాకృతులు చేసే క్లాసు జరుగుతోంది. జుడిత్ దారం అందుకుంది. దొరికిన వస్తువుకల్లా చుట్టడం మొదలుపెట్టింది. చుట్టి, ముడేసి, మళ్లీ చుట్టి, పెద్ద పెద్ద ఆకారాలు. 2005లో చనిపోయేదాకా ఆపలేదు. ఈ రోజు ఆ ఆకారాలు పేరున్న మ్యూజియాల్లో ఉన్నాయి.

ఆ రెండేళ్లలో ‘ఈవిడకేం రాదు’ అని ఎవరైనా పంపించేసి ఉంటే? కళ నేర్పేవాళ్లకు కావాల్సింది ఆ ఓపిక.

దారానికి మనకేం కొదవ? ఆదోని పత్తి మార్కెట్ సంగతి కొత్తగా చెప్పాలా! ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లోనే నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. మగ్గాల దగ్గర మిగిలే తుండు దారాలు, మిల్లుల్లో మిగిలే ముక్కలు అడిగితే ఇస్తారు. నేత తెలిసిన పెద్దవాళ్లున్నారు. వారానికి ఒక పూట వచ్చి కూర్చుంటే చాలు. కండె చుట్టడం దగ్గర మొదలెట్టి, చిన్న చట్రం మీద పట్టీలు నేయడం దాకా తీసుకెళ్లొచ్చు.

భజనలో ఒక చెక్క

పాట సంగతికొస్తే మన పల్లెలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చెక్క భజన ఉంది, కోలాటం ఉంది. పీర్ల పండక్కి గుండం చుట్టూ అలాయి ఆడేటప్పుడు హిందువెవరో ముస్లిం ఎవరో తెలీదు. ఊరంతా కలిసి అడుగేసే ఆటలివి. ఒకే అడుగు, ఒకే దరువు, మళ్లీ మళ్లీ. మాటలు రాని మనిషి కూడా దరువులో కలిసిపోగలడు.

కాబట్టి వాళ్ల కోసం ప్రత్యేకంగా స్టేజీ కట్టి, ముఖ్య అతిథిని పిలిచి, చప్పట్లు కొట్టించి, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పంపే కార్యక్రమం పెట్టకండి. ఊరి భజన బృందంలోనే ఒక చెక్క చేతికివ్వండి. నెల రోజులు కలిసి సాధన చేయనివ్వండి. చప్పుడు భరించలేనివాళ్లూ ఉంటారు. వాళ్లని లాగొద్దు. గజ్జెలు కట్టడం, ముగ్గేయడం, దీపాలు సర్దడం వాళ్ల వాటా.

డబ్బు, కాగితాలు

మనసుంటే సరిపోదు, కాగితాలు కావాలి. మొదట సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలైంది. అది చాలా ఇళ్లలో ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. తప్పుపట్టలేం. కానీ పొలంలో సంపాదించింది మాత్రం ఆ మనిషి పేరు మీది బ్యాంకు ఖాతాలోనే పడాలి.

నేల సంగతి. 2016 చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం వ్యవసాయ భూమి, ఇళ్లు కేటాయించే పథకాల్లో 5 శాతం దివ్యాంగులకు ఇవ్వాలి, అందులోనూ మహిళలకు ముందు. గ్రామసభలో లేచి అడగాల్సిన మాట ఇది.

సంఘం సంగతి. మామూలు పొదుపు సంఘానికి పదిమంది కావాలి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో దివ్యాంగులకు సడలింపు ఉంది, అయిదుగురున్నా చాలు.

1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవాళ్ల కోసమే. దాని కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది. రిజిస్టరైన సంస్థలు పగటి కేంద్రాలకు, పెద్దవాళ్ల గ్రూప్ హోమ్‌లకు సాయం అడగొచ్చు. ‘నా తర్వాత ఎవరు’ అన్న ప్రశ్నకూ ఇక్కడ ఒక మెట్టుంది. 18 దాటినవాళ్లకు గార్డియన్‌ను నియమించే స్థానిక కమిటీ జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలోనే ఉంటుంది. తల్లి బతికుండగానే ఆ కాగితం చేయించుకోవాలి.

తేడా వచ్చేది ఇక్కడే

పొలం పని పేరుతో ఉచిత కూలీలను తయారుచేయడం చాలా తేలిక. రోజంతా గొర్రెల వెంట తిప్పి ముద్ద సంగటి పెట్టి, ‘మేమే సాకుతున్నాం’ అనే ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి మూడు మాటలు గోడ మీద రాసుకోవాలి. చేసిన పనికి డబ్బు. ‘ఈ రోజు చేయను’ అనే హక్కు. ఎవరైనా చెయ్యి చేసుకుంటే, తాకకూడని చోట తాకితే చెప్పుకోవడానికి ఒక మనిషి.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. వీళ్లలో కొందరికి మూర్ఛ ఉంటుంది. గట్టు లేని బావి, తెరిచిన తొట్టి దగ్గర ఒంటరిగా వదలకూడదు. మందులు టైముకి పడాలి. మన ఎండ సంగతి తెలిసిందే, వేసవిలో పది గంటలకల్లా నీడకు రావాలి. పొద్దున ఏడుకు వచ్చి, అందరూ కలిసి ఉగ్గాని తిని, పని చేసి, ఎండెక్కేసరికి దారాల దగ్గరో పాట దగ్గరో కూర్చుంటే ఒక పూట నిండుగా గడిచిపోతుంది. ఆ పూట తల్లి కూలికి వెళ్లగలుగుతుంది. అన్నకో చెల్లికో చదువు మానాల్సిన పని తప్పుతుంది.

లాభాలు మొదటి ఏడాది రావు, అబద్ధం చెప్పడం ఎందుకు? ఇరవై సెంట్ల ఆకుకూర ఎనిమిది మందిని పోషించలేదు. చూసుకునే టీచర్‌కి జీతం బయటి నుంచే రావాలి. కవాదా నాటిన తీగల నుంచి సొంత వైన్ రావడానికి పాతికేళ్లు పైనే పట్టింది. కానీ తీగ నాటిన రోజు నుంచే ఆ పిల్లలకు పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు దొరికింది. ముందు కావాల్సింది అదే.

మీ వంతు

ఇలాంటి మనిషిని గెలికి, కోపం తెప్పించి, వీడియో తీసి రీల్ పెట్టేవాళ్లు మీ ఫోన్‌లోనూ కనిపిస్తుంటారు. దాన్ని ఫార్వర్డ్ చేయకండి. అదొక్కటీ ఈ రోజే చేయొచ్చు.

రెండోది ఇంకా సులువు. ఈసారి ఊరెళ్లినప్పుడు అరుగు మీద కూర్చున్న ఆయన్నో, తలుపు చాటున నిలబడ్డ ఆవిడనో అసలు పేరేంటో అడగండి. ఆ పేరుతోనే పిలవండి. ఏ పనంటే ఇష్టమో వాళ్లమ్మను అడగండి. ‘ఏం రాదు నాయనా’ అంటుంది మొదట. కాసేపు కూర్చోండి. ‘కానీ కోళ్లంటే ప్రాణం’ అంటుంది.

అక్కణ్నుంచి మొదలెట్టొచ్చు.